గర్భసంచి తీసేశాక కూడా నొప్పి: మళ్లీ ఆపరేషనా, మాత్రలా, ఫిజియోథెరపీయా?

ఎండోమెట్రియోసిస్‌కు గర్భసంచి తీయించుకున్నాక కూడా పొత్తికడుపు నొప్పి వేధిస్తుంటే, చాలామంది ఆడవాళ్లకు ఎదురయ్యే మాట ఒక్కటే: "అక్కడ ఇంకేముందని నొప్పి?" ఈ మాట నన్ను చాలా బాధిస్తుంది. ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరగడం; ఆ జబ్బు గర్భసంచి లోపలిది కాదు, బయటిది. పేగుల మీద, మూత్రాశయం మీద, కటి గోడల పొర మీద ఉన్న మచ్చలను తీయకుండా వదిలేస్తే అవి అక్కడే ఉంటాయి.

అయితే మళ్లీ ఆపరేషనా? ఈ జబ్బుకు గర్భసంచి తీయించుకున్నవారిపై 1995లో వెలువడిన ఒక అధ్యయనంలో, అండాశయాలు ఉంచిన 29 మందిలో 18 మందికి నొప్పి తిరగబెట్టింది. రెండూ తీసేసిన 109 మందిలో 11 మందికే మళ్లీ వచ్చింది. ఈ లెక్క చూపించి "అవీ తీసేద్దాం" అంటారు. కానీ చిన్న వయసులో తీస్తే ఎముకలకూ గుండెకూ నష్టం. పైగా ఆ 11 మందిని మరిచిపోకూడదు. ప్రతి కోతా లోపల కొత్త అతుకులకు, అంటే అవయవాలు ఒకదానికొకటి అంటుకుపోవడానికి, దారి తీయవచ్చు. స్కాన్‌లోనో పరీక్షలోనో గడ్డ కనిపిస్తేనో, రెండు అండాశయాలూ తీశాక కూడా ఒంట్లో ఆవిర్లు రాకుండా, హార్మోన్ పరీక్షలో అండాశయపు ముక్క మిగిలిందన్న అనుమానం కలిగితేనో ఆపరేషన్‌కు అర్థం ఉంది. ఊరికే "ఒకసారి చూద్దాం" అని కోయించుకోవడం నాకు నచ్చదు.

అండాశయాలు ఉండి, నెలసరి రాకపోయినా నొప్పి మాత్రం నెలనెలా ఒకే లయలో వస్తుంటే డైనోజెస్ట్ వంటి హార్మోన్ మాత్రలు వాడి చూడవచ్చు. తగ్గితే నొప్పి వెనక హార్మోన్ల పాత్ర ఉందన్న సూచన దొరుకుతుంది. ఆపేస్తే తిరిగి రావచ్చు, కొందరికి మనసు దిగులుగా ఉంటుంది. అండాశయాలు తీసేశాక హార్మోన్లు వాడేవారు, ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే అది మిగిలిన మచ్చలను రెచ్చగొడుతుందేమో డాక్టరును అడగాలి.

నా ఓటు ముందుగా ఫిజియోథెరపీకే. ఏళ్ల తరబడి నొప్పికి బిగబట్టిన కటి కండరాలు, జబ్బు పోయినా బిగువు వదలవు. అనుభవమున్న ఫిజియోథెరపిస్టు ఒక్క వేలితో లోపలి పక్క కండరాన్ని మెల్లగా నొక్కగానే "ఇదే, ఇదే నా నొప్పి" అని కళ్లనీళ్లు పెట్టుకునేవారున్నారు. కుర్చీలో ఒక పక్కకే ఒరిగి కూర్చోవడం, కలయికలో మంట, మూత్రం పోయాక కూడా లాగుతున్నట్టుండటం దీనికి ఆనవాళ్లు. ఇక్కడ నేర్చుకోవలసింది వదులు చేయడం. బిగించే వ్యాయామాలు కొందరికి నొప్పిని పెంచుతాయి. ఫలితానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ విషయానికొస్తే, పొట్టలోకి కెమెరా గొట్టం పెట్టి చూసే లాపరోస్కోపీలో పొత్తికడుపు నొప్పికి కారణం కనిపించని 306 మంది ఆడవాళ్లపై జరిపి 2020లో వెలువరించిన పరీక్షలో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగనిపించలేదు.

ఏ దారి పట్టే ముందైనా పాత ఆపరేషన్ కాగితాలూ బయాప్సీ రిపోర్టూ తెప్పించుకోండి. ఆ మచ్చలను తీశారా, కాల్చారా, వదిలేశారా అన్నది అందులో వెతకండి.