బోజోలే నువో కొంటున్నారా? పెట్టెలో సర్దిన ప్రతి సీసా మీదా సంవత్సరం చూడండి

ఫ్రాన్స్‌లోని లియోన్‌లోనూ చుట్టుపక్కలా ఉంటున్న మన తెలుగువాళ్లందరికీ ఇది చెప్పాలి. నవంబరు మూడో గురువారం రాగానే ఇక్కడ ప్రతి దుకాణం ముందూ పీపాలు, ద్రాక్షాకులు, ఆ ఏడాది ద్రాక్షతో చేసిన కొత్త వైన్, అంటే బోజోలే నువో, వచ్చిందన్న బోర్డులు కనిపిస్తాయి. ఆ సందట్లోనే నాకు పాత సరుకు అంటగట్టారు.

2024లో ఆ గురువారం 21న వచ్చింది. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, శనివారం ఇంటికి వచ్చే చుట్టాల కోసం ఆరు సీసాలు కొన్నాను. బల్ల మీద నేను చేతిలోకి తీసుకుని చూసింది కొత్తదే, 2024. దుకాణం మనిషి మాత్రం కింద ఉన్న అట్టపెట్టెల్లోంచి తీసి సర్ది ఇచ్చాడు. నేను మళ్లీ చూడలేదు. మర్నాడు గ్లాసులో పోస్తే అంచున ఊదారంగు లేదు, ఇటుక రంగు తిరిగింది. పండ్ల వాసన అసలే లేదు. లేబుల్ తిప్పి చూస్తే 2023! ఆరూ అవే.

ఏడాదే కదా, వైన్ పాతబడితే మంచిదే కదా అనుకోకండి. ఇది దాచుకునే వైన్ కాదు. లియోన్‌కి ఉత్తరాన బోజోలే కొండల్లో పండే గమే ద్రాక్షను గుత్తులు గుత్తులుగానే మూసిన తొట్టెల్లో పోస్తారు. పండు చితకకుండానే దాని లోపల పులియడం మొదలవుతుంది. అందుకే అరటిపండు, స్ట్రాబెరీ వాసనలు వస్తాయి, వగరు చాలా తక్కువ. కోత అయిన రెండు మూడు నెలలకే గ్లాసులోకి వస్తుంది. దాని అందమంతా ఆ తాజాదనమే, వేసవి వచ్చేసరికే తగ్గిపోతుంది.

మంచిది దొరికితే 12, 13 డిగ్రీల చల్లదనంలో తాగండి. ఇక్కడివాళ్లు రోజెట్ అనే ఎండు పంది మాంసం సాసేజ్‌తో, మూలికలు కలిపిన తెల్ల జున్నుతో తీసుకుంటారు. కాల్చిన కోడికి చాలా బాగుంటుంది. మన వంటల్లో కారం తగ్గించిన కోడి వేపుడు, కూరగాయల పులావు కుదిరాయి. గోంగూర మాంసం మాత్రం వద్దు, ఆ పులుపు ముందు ఇది తేలిపోతుంది. ఆ శనివారం నేను చేసిన పులావుకి తోడు లేకుండా పోయిందన్న బాధ ఇంకా ఉంది.

సోమవారం తెరవని ఐదు సీసాలు పట్టుకెళ్తే, "సంవత్సరం లేబుల్ మీదే ఉంది, చూసి కొనాల్సింది" అన్నారు. డబ్బు ఇవ్వలేదు. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి 14 రోజుల్లో మనసు మార్చుకునే హక్కు ఉంది కానీ దుకాణంలో కొన్నదానికి లేదు. చివరికి సిగ్నల్‌కోన్సో అనే ప్రభుత్వ సైట్‌లో ఫిర్యాదు పెట్టాను. రసీదు, లేబుల్ ఫోటోలు దాచుకున్నాను కాబట్టి పెట్టగలిగాను, మీరూ దాచుకోండి.

ఇంకొక మాట. మోర్గాన్, ఫ్లరీ లాంటి పేరున్న ఊళ్ల వైన్‌కి "నువో" ఉండదు. ఆ హక్కు మామూలు బోజోలే, బోజోలే విలాజ్ అనే రెండు పేర్ల వైన్‌లకే. ఎవరైనా "మోర్గాన్ నువో" అని ఎక్కువ ధర చెబితే అక్కడ కొనకండి. పెట్టె కట్టించుకునే ముందు ఒక్కొక్క సీసా పైకి తీసి, సంవత్సరం చదివాకే కార్డు ఇవ్వండి.