కోళ్లు తిరిగే పెరట్లో పది చట్రాల తేనెపెట్టె: రెండేళ్ల వాడకం తరువాత

ఆకుల కోసం పెంచే మూలికల మళ్లు, వాటి చుట్టూ తిరిగే పదకొండు కోళ్లు మా పెరట్లో ముందునుంచీ ఉన్నాయి. వాటికి తోడుగా తేనెటీగలను కూడా పెంచాలని నిర్ణయించుకుని, రెండేళ్ల క్రితం పది చట్రాల (ఈగలు తుట్టె కట్టుకునే ఫ్రేముల) లాంగ్‌స్ట్రాత్ పెట్టెను కొన్నాను. అడుగు పలక, ఈగల పిల్లలు పెరిగే పిల్లల గది, దానికంటే ఎత్తు తక్కువైన తేనె గది, లోపలి మూత, రేకు తొడిగిన పై మూత, నాలుగు కాళ్ల పీట, ఈగలను శాంతపరచే పొగడబ్బా, చట్రాలను కదిలించే ఇనుప పట్టీ ఆ సామగ్రిలో భాగంగా వచ్చాయి. పెట్టె విషయంలో నేను తృప్తిగానే ఉన్నాను. అయితే దానిని రూపొందించినవారు కోళ్లున్న పెరడును మనసులో పెట్టుకోలేదని మొదటి నెలలోనే అర్థమైంది.

తేనెపెట్టెను చూసేటప్పుడు చెక్క నునుపును, రంగును కాక లోపలి ఖాళీలను ముందుగా చూడాలి. లోరెంజో లాంగ్‌స్ట్రాత్ 1851లో గుర్తించి, 1852లో పేటెంటు పొందిన పెట్టెకు ఆధారంగా చేసుకున్న విషయం ఇదే: ఈగలు నడవడానికి సుమారు 6 నుంచి 9 మిల్లీమీటర్ల దారి ఉంటే దానిని అవి దారిగానే వదిలేస్తాయి, అంతకంటే ఇరుకైన సందును మొక్కల నుంచి తెచ్చుకున్న జిగురుతో మూసివేస్తాయి, అంతకంటే వెడల్పైన చోట మైనంతో అదనపు తుట్టె కడతాయి. ఈ కొలత సరిగా ఉన్న పెట్టెలోనే చట్రాలను తుట్టె చిరగకుండా బయటికి తీయగలం, ఈగలను నలపకుండా తిరిగి పెట్టగలం.

నా పెట్టెలో చట్రాల పక్క ఖాళీలు 7, 8 మిల్లీమీటర్ల మధ్య చక్కగా ఉన్నాయి, ఒక చట్రం నడుమ నుంచి పక్క చట్రం నడుమకు దూరం కూడా 35 మిల్లీమీటర్లకు కుదిరింది. తేనె గది చట్రాల అడుగుకూ, పిల్లల గది చట్రాల పైభాగానికీ మధ్య మాత్రం 13 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. కొన్న రోజున నేను ఆ కొలత తీసుకోలేదు. మూడు నెలల తరువాత తేనె గదిని ఎత్తబోయినప్పుడు రెండు గదుల మధ్య ఈగలు కట్టిన తుట్టె అంతా చిరిగి, తేనె చట్రాల మీదుగా కారి, ఎన్నో ఈగలు అందులో తడిసి చనిపోయాయి. ఆ దృశ్యం నన్ను చాలా రోజులు బాధించింది. వడ్రంగి చేత తేనె గది అడుగు అంచును 5 మిల్లీమీటర్లు చిత్రిక పట్టించిన తరువాత ఖాళీ 8కి తగ్గింది, ఆ తరువాత అదనపు తుట్టె మళ్లీ కనిపించలేదు. అరగంట పనే అయినా, అది తయారీదారు చేసి పంపవలసిన పని.

చెక్క మందం, మూలల అతుకులు గట్టిగా ఉన్నాయి. రెండు వర్షాకాలాలు గడిచినా ఎక్కడా విచ్చుకోలేదు. పెట్టెకు వెలుపల మాత్రమే అవిసె నూనె పూశాను, లోపలి చెక్కకు ఏమీ పూయలేదు, ఎందుకంటే ఆ గోడలను ఈగలే తమ జిగురుతో పూసుకుంటాయి. పిల్లలున్న తుట్టెను అవి సుమారు 34, 35 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలుపుకోవాలి కాబట్టి, పెట్టె మందంగా ఉండడం వాటి శ్రమను తగ్గిస్తుంది. తేనె గది ఎత్తు తక్కువగా ఉండడం ఈ సామగ్రిలో నాకు బాగా నచ్చిన అంశం. పెద్ద గదిని తేనెతో నింపితే బరువు 35 కిలోలు దాటవచ్చు, దానిని ఒక్కరే ఎత్తి, కుదుపు లేకుండా దించడం కష్టం. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: ఈ కొలతలు ఏపిస్ మెల్లిఫెరా అనే ఐరోపా తేనెటీగ జాతికి సరిపోతాయి. మన ప్రాంతపు ఏపిస్ సెరానా జాతి ఈగలు చిన్నవి, వాటికి చట్రాల మధ్య దూరం ఇంతకంటే తక్కువ ఉండాలి. ఏ జాతి కోసమో చెప్పకుండా అమ్మే పెట్టెను కొనకపోవడం మేలు.

పీట ఎత్తు పదిహేను సెంటీమీటర్లే. కోళ్లు లేని చోట దీనితో పని జరిగిపోవచ్చు. మా కోళ్లు మాత్రం పెట్టె ముందున్న మెత్తని మట్టిని గోకి, అందులో దుమ్ము స్నానాలు చేసి, ద్వారం ముందు పలక మీద మట్టిని కుప్పగా పోశాయి. వాటి రెక్కలు పెట్టెకు తగిలినప్పుడల్లా కాపలా ఈగలు రేగాయి. ప్రాణంతో ఎగిరే ఈగలను కోళ్లు పెద్దగా వేటాడడం నేను చూడలేదు, కింద పడిన చచ్చిన ఈగలను మాత్రం ఏరుకుంటాయి. పీటను 45 సెంటీమీటర్లకు పెంచి, ముందు భాగంలో గులకరాళ్లు పరిచి, చీమలు ఎక్కకుండా కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలిపిన తరువాత పెట్టెకు, కోళ్లకు మధ్య గొడవ తగ్గింది.

నీటి విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకా పెద్దది. తేనెటీగలు ఒకసారి నీటి చోటు నేర్చుకుంటే దానిని సులభంగా విడిచిపెట్టవు. ఈగలు వచ్చే ముందే వాటికి వేరే నీటి పళ్లెం ఏర్పాటు చేయవలసింది. నేను ఆలస్యం చేయడంతో అవి కోళ్ల తొట్టికే అలవాటు పడ్డాయి, ఒక పెట్టకు కంటి పక్కన కుట్టాయి, మిగతా కోళ్లు తొట్టి దగ్గరికి రావడం మానేశాయి. గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీరే కాబట్టి, కోళ్లకు దాహం తీరకపోవడం గుడ్ల సంఖ్యలో వెంటనే కనిపించింది. చివరికి కోళ్లకు ముక్కుతో తాకితేనే నీరు వచ్చే గొట్టాలు బిగించి, ఈగలకు గులకరాళ్లు వేసిన వెడల్పాటి పళ్లెం పెట్టాను. ఈగల సామగ్రితో ఆ పళ్లెం కూడా ఇస్తే ఎంతో బాగుండేది.

జాలీ ఉన్న అడుగు పలక, దాని కింద జరిపే రేకు పళ్లెం ఎంతో ఉపయోగకరం. ఈగలను పట్టి పీడించే వర్రోవా అనే పేలు ఎన్ని రాలుతున్నాయో ఆ పళ్లెం మీద లెక్కపెట్టవచ్చు. శ్రామిక ఈగ గుడ్డు నుంచి ఈగగా మారడానికి 21 రోజులు, పోతుటీగకు 24 రోజులు పడుతుంది. పోతుటీగ గది ఎక్కువ కాలం మూసి ఉంటుంది కాబట్టి పేలు అందులో పెరగడానికి ఇష్టపడతాయి. అందుకే మూసిన పోతుటీగ గదులున్న తుట్టె ముక్కను పోతుటీగలు బయటికి రాకముందే కోసి కోళ్లకు వేస్తున్నాను. పెట్టెలో పేలు తగ్గుతాయి, కోళ్లకు మంచి మాంసకృత్తుల ఆహారం దొరుకుతుంది. మైనపు పురుగు పట్టిన పాత తుట్టె కూడా ఇదే దారిన పోతుంది. ఈగల పెంపకం, కోళ్ల పెంపకం ఒకదానికొకటి అక్కరకు రావడం నాకు స్పష్టంగా కనిపించింది ఇక్కడే.

పెట్టెతో ఇచ్చిన చిన్న పుస్తకంతో నాకు గట్టి అభ్యంతరం ఉంది. పక్కన చిన్న మూలికల మడి ఉంటే ఒక పెట్టెకు ఆహారం సరిపోతుందని అందులో రాశారు. అది తప్పు. మేత ఈగలు రెండు, మూడు కిలోమీటర్ల వరకు ఎగురుతాయి, వాటి కడుపు నింపేది ఆ పరిధిలోని చెట్లు, పొదలు, కలుపు పూలు. ఆ పరిధిలో ఎవరు ఏ పురుగుమందు చల్లినా నష్టపోయేది ఈగలే. అదే పుస్తకం థైమ్ అనే సువాసన మూలిక మొక్కలు నాటితే పేలు పోతాయని కూడా చెప్పింది. థైమ్ నుంచి తీసే థైమాల్‌ను పేల చికిత్సలో వాడతారు. పెట్టె లోపల తగిన మోతాదులో, తగిన ఉష్ణోగ్రతలో పెట్టినప్పుడే అది పనిచేస్తుంది. మడిలో పెరిగే మొక్క ఆ పని చేయలేదు.

మూలికల మడి విలువ వేరే చోట ఉంది. తులసి, పుదీనా, థైమ్ పూసినప్పుడు ఉదయం నుంచి వాటి మీద ఈగలు కనిపిస్తాయి. వంటకు ఆకు కావాలంటే మొగ్గలు తుంచాలి, ఈగలకు తేనె కావాలంటే మొగ్గలు వదలాలి. నేను మళ్లను రెండుగా విభజించి, ఒక సగాన్ని కోత కోసం, మరో సగాన్ని పూత కోసం ఉంచాను. పూసిన సగం నుంచే వచ్చే ఏటి విత్తనమూ వస్తోంది. ఈ మళ్లకు వేసే కోడి ఎరువును కొన్ని నెలలు ఆకులతో కలిపి మాగనిచ్చిన తరువాతే వాడుతున్నాను. పచ్చి ఎరువు వేర్లను మాడుస్తుంది, పచ్చిగా తినే ఆకుల మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి చేరే ప్రమాదమూ ఉంటుంది.

మొదటి ఏడాది నేను తేనె తీయలేదు. రెండో ఏడాది నాలుగింట మూడు వంతులకు పైగా మైనంతో మూసిన చట్రాలను మాత్రమే తీశాను, ఎందుకంటే తేమ 18 శాతం వరకు తగ్గితేనే తేనె పులియకుండా నిలుస్తుంది, తేమ తగ్గిన తరువాతే ఈగలు గదులను మూస్తాయి. వచ్చినది తొమ్మిది కిలోలు, మిగిలినదంతా ఈగలకే వదిలాను. ఆ తేనెను ఇచ్చేటప్పుడు ఏడాది నిండని శిశువులకు పెట్టవద్దని ప్రతి ఇంటికీ చెప్పాను, వారికి బోట్యులిజం అనే ప్రాణాంతక విషజబ్బు ప్రమాదం ఉంది.

పొగడబ్బా నిలకడగా మండుతుంది, ఇనుప పట్టీ మీద చేతికి చక్కగా పట్టు చిక్కుతుంది. పీటను మార్చుకునే ఓపిక, కొలబద్ద పట్టే అలవాటు ఉన్నవారు ఈ పెట్టెను నిశ్చింతగా కొనవచ్చు. నేను రెండో పెట్టెకు అదే చోట ఆర్డరు ఇచ్చాను. గదుల మధ్య ఖాళీ 8 మిల్లీమీటర్లు, పీట ఎత్తు 45 సెంటీమీటర్లు ఉండాలని కాగితం మీద రాసి, వారి చేత సంతకం చేయించుకున్నాను.