టిరెట్టా బజార్ చైనా టిఫిన్లు: ఎనిమిది దాటితే ఖాళీ గిన్నెలే

ముందు టైము సంగతి. ఇక్కడ సగం ఫిర్యాదులు ఆలస్యంగా వెళ్లినవాళ్లవే. కోల్‌కతాలోని పాత చైనీయుల వాడ టిరెట్టా బజార్‌లో చైనా టిఫిన్లు తెల్లవారుజామున అయిదున్నర, ఆరు మధ్య మొదలవుతాయి. ఏడుకు జోరు మీద ఉంటాయి. ఎనిమిదికల్లా మంచివన్నీ అయిపోయి, మిగిలినవి చల్లారిపోయి ఉంటాయి. వెళ్తే ఆదివారమే వెళ్లండి, మిగతా రోజుల్లో బండ్లు బాగా తగ్గిపోతాయి. లాల్‌బజార్ పోలీసు ఆఫీసు దగ్గర పొద్దార్ కోర్ట్ అని ఎవరినడిగినా చూపిస్తారు, ఆ భవనం వెనకాలే. మెట్రోలో అయితే సెంట్రల్ స్టేషన్లో దిగాలి, కాని ఆదివారం పొద్దున ఆ టైముకు మెట్రోను నమ్ముకోవద్దు, ట్యాక్సీ మేలు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి.

కూర్చోవడానికి కుర్చీ ఉండదు. రోడ్డు పక్కన నిలబడి, చేతిలో ప్లేటు పట్టుకుని తినాలి. పక్కనే కూరగాయల తట్టలు, చేపలు కోసేవాళ్లు, అక్కడక్కడ చెత్త. శుభ్రత పట్టింపు ఎక్కువ ఉన్నవాళ్లకు ఇది సరిపడదు. మన సందు చివరి చైనీస్ బండి రుచి ఆశించి వచ్చేవాళ్లకూ నిరాశే. ఆ వంటకు మూలం మాత్రం ఈ నగరంతో ముడిపడే ఉంది. మన గోబీ మంచూరియాకు పెద్దన్న లాంటి చికెన్ మంచూరియన్‌ను 1975లో ముంబైలో తానే తయారుచేశానని చెప్పిన నెల్సన్ వాంగ్ పుట్టింది కలకత్తా చైనీయుల ఇంట్లోనే. కాని టిరెట్టాలో పొద్దున దొరికేది ఇళ్లలో తినే టిఫిన్: ఆవిరి మీద ఉడికినది, కారం తక్కువ, మసాలా దాదాపు లేదు. చప్పగా ఉందని వెంటనే సాస్ కుమ్మరించకండి. మొదటి ముక్క ఉత్తదే తిని చూడండి.

అన్నిటికంటే ముందు ఫిష్ బాల్ సూప్ తీసుకోండి. పల్చటి తేట రసం, పైన ఉల్లికాడలు, కాస్త మిరియాల పొడి. ఉండను కొరికితే స్పాంజిలా వెనక్కి తన్నాలి. చల్లగా ఉన్న చేప ముద్దలో ఉప్పు వేసి బాగా బాది కలిపితేనే ఆ సాగుడు వస్తుంది. కలిపేటప్పుడు ముద్ద వేడెక్కినా, ఖర్చు తగ్గించుకోవాలని పిండి ఎక్కువ కలిపినా మైదా ముద్ద తిన్నట్టే ఉంటుంది. ఇంకో తప్పు పెద్ద మంట. రసం తెర్లుతుంటే ఉండలు బూరెల్లా ఉబ్బి, దించగానే ముడతలు పడతాయి. గిన్నెలో ముడతల ఉండలు కనిపిస్తే పక్క బండికి వెళ్లండి.

తరువాత సుయ్ మాయ్. పైన మూత లేని చిన్న పొట్లం, లోపల మాంసం కూరు. మోమో అనుకోకండి, దీని పైపొర పల్చన, కూరు ఎక్కువ. పోర్క్ తినేవాళ్లు అదే తీసుకోవాలి, కొవ్వు ఉండటం వల్ల పది నిమిషాలు ఆగినా మెత్తగానే ఉంటుంది. చికెన్‌ది మాత్రం పాత్రలోంచి తీసిన వెంటనే తినాలి, చల్లారితే పిప్పే. అంచులు ఎండి గట్టిపడి ఉంటే చాలాసేపు బయట ఉన్నట్టు. పోర్క్ తిననివాళ్లకు ఒక హెచ్చరిక: చాలాచోట్ల ఒకే పాత్ర, ఒకే పట్టుకారు. విడిగా ఉడికించారా అని అడగండి, చెప్తారు. శాకాహారులకు ఇక్కడ నువ్వుల ఉండలు తప్ప పెద్దగా ఏమీ లేదు. వాటికీ ఏ నూనెలో వేయించారో అడిగే తినాలి.

బావ్ దగ్గరే తేడా బాగా తెలుస్తుంది. ఈస్ట్ వేసి పొంగించిన మైదా ముద్దలో కూరు పెట్టి ఆవిరికి ఉడికిస్తారు. ఇడ్లీ వేసే చేతికి దీని కష్టం ఇట్టే అర్థమవుతుంది: మూతకు పట్టిన నీరు చుక్కలుగా పడితే పైన తడి మచ్చలు, బంక. వెదురు బుట్టలైతే ఆ నీటిని పీల్చుకుంటాయి. ఇక్కడ ఎక్కువగా అల్యూమినియం పాత్రలే కాబట్టి పై వరుసలో మూత కింద ఉన్నవి వద్దని, కింది వరుసవి ఇమ్మనండి. పిండి మరీ ఎక్కువ పొంగినా, ఉడికీ ఉడకగానే మూత ఒక్కసారి తీసినా బావ్ కుంగి ముడతలు పడుతుంది. మంచిది నొక్కితే మెల్లగా లేస్తుంది. అడుగున కాగితం ముక్క ఉంటే తీసేసి తినండి, కొత్తవాళ్లు దాన్నీ నమిలేస్తుంటారు. పార్సిల్ కడితే గంటలో గట్టిపడుతుంది. ఇంట్లో మళ్లీ అయిదు నిమిషాలు ఆవిరి పెట్టుకోవాలి. మైక్రోవేవ్‌లో పెడితే చెప్పుల తోలే.

ఇద్దరికి ఒక సూప్, ఒక ప్లేటు సుయ్ మాయ్, రెండు బావ్‌లు చాలు. అన్నీ ఒకేసారి కొనకండి, ఒకటి తినేలోపు ఇంకొకటి చల్లారిపోతుంది.

బండ్ల వెనక ఉన్నవాళ్లందరూ చైనీయులు కారు, చాలావరకు ఇప్పుడు స్థానికులే. కొందరు దీన్ని మోసమన్నట్టు రాస్తారు. అది అన్యాయం. 18వ శతాబ్దం చివర చైనా నుంచి వచ్చిన తుంగ్ ఆచ్యూ అనే ఆయన బ్రిటిష్ గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ కాలంలో భూమి పొంది, నగరానికి దిగువన హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరనే ఆ ఊరు అచీపూర్ అయింది. తర్వాత వచ్చిన చైనీయుల్లో హక్కా వర్గంవాళ్లు తోళ్ల పనిలో, దక్షిణ చైనాలోని కాంటన్ వైపువాళ్లు వడ్రంగంలో స్థిరపడ్డారు. 1962 భారత్-చైనా యుద్ధం తర్వాత ఇక్కడి చైనీయుల్లాంటి వేలమందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. విడుదలయ్యాక చాలామంది కెనడా లాంటి దేశాలకు వెళ్లిపోయారు. చేసేవాళ్లే తరిగిపోయాక చేయి మారకుండా బజారు ఎలా నిలుస్తుంది? చూడాల్సింది చేతిపనే.

తిన్నాక వెళ్లిపోకుండా అక్కడే చుట్టూ తిరగండి. 1905 నాటి సీ ఇప్ చర్చి, 1924 నాటి తూంగ్ ఆన్ చర్చి రెండూ నడిచే దూరమే. పేరు చర్చి అయినా ఇవి చైనా గుళ్లు. తూంగ్ ఆన్ కింది అంతస్తులో ఒకప్పుడు పేరుమోసిన నాన్‌కింగ్ రెస్టారెంటు ఉండేది, పైన దేవుడు. కాసేపు ఓపిగ్గా నిలబడి చెక్కపని చూడండి, ఫొటో తీసే ముందు అడగండి. చైనా కొత్త సంవత్సరానికి, అంటే జనవరి చివర నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు వచ్చే రోజుకు, ఈ వీధుల్లో సింహ నృత్యం ఉంటుంది. అప్పుడు జనం విపరీతం, తిండి మామూలు ఆదివారమే నయం. ఇంకా సమయం ఉంటే నగరంలోని మరో చైనీయుల పేట ట్యాంగ్రాలో చైనీయులు కొలిచే కాళీ గుడి ఉంది, నూడుల్స్ ప్రసాదంగా పెడతారు.

కొనుక్కోదగ్గవి రెండు. ఒకటి లాప్ చోంగ్, ఎండబెట్టిన పోర్క్ సాసేజ్. పచ్చిది, అలాగే తినకూడదు. ఉడుకుతున్న అన్నం మీద పెట్టి పది, పదిహేను నిమిషాలు ఆవిరి పట్టించి, ఏటవాలుగా పల్చగా కోయాలి. రెండు గ్లాసుల బియ్యానికి రెండు చాలు. తీపి ఎక్కువ కాబట్టి పక్కన పచ్చిమిర్చి ఉంటే మన నోటికి బాగుంటుంది. ఫ్రైడ్ రైస్‌లో వేస్తే విడిగా నూనె పోయకండి, దాని కొవ్వే కరిగి సరిపోతుంది. రెండోది 1958 నుంచి ఉన్న పౌ చోంగ్ అనే సాస్‌ల కంపెనీ వాళ్ల గ్రీన్ చిల్లీ సాస్. పులుపు ముందు తగిలి, కారం తర్వాత వస్తుంది. అది, సోయా సాస్ రెండూ వాడే వంటలో ఉప్పు సగానికి తగ్గించి, చివర్లో చూసి వేసుకోండి. హౌరా నుంచి రైల్లో తెచ్చుకునేవాళ్లు సీసా మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో నిలువుగా పెట్టుకోవాలి. అటూ ఇటూ దొర్లితే కారుతుంది. వేసవిలో లాప్ చోంగ్‌ను రైలెక్కించకపోవడమే మంచిది.