రెండేళ్లు వాడాక వర్క్‌మేనేజర్: సగం పని దానిది, సగం మనది

మా యాప్ చేసే పని చిన్నదే. ఫీల్డ్‌లో తిరిగేవాళ్లు ఫామ్ నింపి, ఫొటోలు తీసి పంపుతారు. కానీ ఆ ఫోన్ల పరిస్థితి చూడండి: ఇప్పుడు వైఫై, రెండు నిమిషాల్లో లిఫ్టు, తర్వాత సెల్లారు, సాయంత్రానికి 12 శాతం బ్యాటరీ. వాడేవాళ్లు ఏ సెట్టింగూ ముట్టుకోకుండా యాప్ తనే సర్దుకోవాలి. దీనికోసం రెండేళ్లుగా వర్క్‌మేనేజర్ వాడుతున్నాను. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవాళ్లకి గూగుల్ ఇచ్చే జెట్‌ప్యాక్ లైబ్రరీల్లో ఇదొకటి, యాప్ వెనకాల చెయ్యాల్సిన పనుల్ని వీలు చూసి నడిపిస్తుంది. ఐదుకి నాలుగిస్తాను.

అంతకు ముందు అలారంమేనేజర్ (చెప్పిన టైముకి యాప్‌ని లేపేది), బ్రాడ్‌కాస్ట్ రిసీవర్లు (నెట్ మారడం లాంటి సిస్టమ్ కబుర్లు వినేవి) కలిపి నాలుగొందల లైన్ల కోడ్ ఉండేది. రాసింది నేనే కాబట్టి తిట్టడానికి వేరే ఎవరూ దొరకలేదు. 2019లో స్టేబుల్ వెర్షన్ వచ్చినప్పుడే మారి ఉండాల్సింది. ఇప్పుడు షరతులు చెప్తే చాలు: నెట్ ఉండాలి, మీటర్ లేని (ఎంత డేటా వాడామన్న లెక్క లేని, మామూలు వైఫై లాంటి) కనెక్షన్ కావాలి, బ్యాటరీ తక్కువ ఉండకూడదు, ఛార్జింగ్‌లో ఉండాలి. షరతులు కుదిరినప్పుడు అదే మొదలుపెడుతుంది. పనుల చిట్టా సొంత డేటాబేస్‌లో రాసుకుంటుంది కాబట్టి ఫోన్ రీస్టార్ట్ అయినా ఏదీ పోదు. రీట్రై అడిగితే మామూలుగా 30 సెకన్లతో మొదలుపెట్టి ఎడం పెంచుకుంటూ పోతుంది. పడిపోయిన సర్వర్ మీద ఫోన్లన్నీ ఒక్కసారి ఎగబడవన్నమాట.

పరిమితులూ ఉన్నాయి. పదేపదే చేసే పనికి ఎడం 15 నిమిషాల కంటే తగ్గదు. వర్కర్‌కి, అంటే ఆ పని చేసే మన కోడ్‌కి, పంపే డేటా 10 కేబీ దాటకూడదు, ఫొటోకి బదులు ఫైల్ దారి పంపాలి. ఇవి డాక్యుమెంట్లలో మొదటే రాసి ఉంటాయి, ఫిర్యాదు చేయను.

తగ్గించిన ఆ ఒక్క మార్కు వేరే విషయానికి. పని ఎప్పుడు చెయ్యాలో వర్క్‌మేనేజర్ చక్కగా చూసుకుంటుంది. ఎంత చెయ్యాలి, ఎలా చెయ్యాలి అన్నది దాని లెక్కలో లేదు. ఇది నాకు లిఫ్టు దగ్గర అర్థమైంది.

మా టెస్టరు ఒక ఎత్తైన బిల్డింగులో పైకీ కిందకీ తిరుగుతూ ఫొటోలు పంపుతోంది. సర్వర్ లాగ్ తెరిస్తే ఒకే ఫొటో, 6 ఎంబీది, పదకొండుసార్లు సున్నా నుంచి మొదలైంది. లిఫ్టు తలుపు మూసుకుంటే వైఫై పోతుంది, షరతు తప్పింది కాబట్టి వర్కర్ ఆగిపోతుంది. తలుపు తెరుచుకుంటే వర్కర్ మళ్లీ మొదటి లైను నుంచి. వర్క్‌మేనేజర్ చెప్పినట్టే చేసింది. ఎక్కడిదాకా పంపామో గుర్తుపెట్టుకోవడం నా పని, నేనది రాయలేదు.

సరే, ఫొటోని 256 కేబీ ముక్కలు చేశాను. ఆ ఊపులో ఇంకో తెలివి చూపించాను: స్పీడ్ తగ్గితే క్వాలిటీ తగ్గించు, పెరిగితే పెంచు. తగ్గించాలా పెంచాలా తేల్చడానికి మధ్యలో ఒకే స్పీడ్ గీత. మెట్ల దగ్గర స్పీడ్ ఆ గీతకి అటూ ఇటూ ఊగుతుంటే యాప్ అదే ఫొటోని కుదించడం, పారేసి మళ్లీ కుదించడం. ఫొటో వెళ్లలేదు గానీ ఫోన్ మాత్రం ఇస్త్రీపెట్టెలా కాలింది. బ్యాటరీ కాపాడ్డానికి రాసిన కోడే బ్యాటరీని తాగేసింది.

ఇప్పుడు గీతలు రెండు. వరుసగా రెండు ముక్కలు నెమ్మదిగా వెళ్తే చాలు, క్వాలిటీ తగ్గిస్తాను. పెంచడానికి మాత్రం అరనిమిషం పాటు మంచి స్పీడ్ నిలకడగా ఉండాలి. దిగడం త్వరగా, ఎక్కడం నిదానంగా. స్పీడ్ కూడా సిస్టమ్ చెప్పే అంచనా తీసుకోను. అది ఫోన్‌కీ మొదటి మజిలీకీ (వైఫై రౌటర్ లేదా సెల్ టవర్‌కీ) మధ్య ఉన్న లింకు సంగతే చెప్తుంది, అవతల సర్వర్ దాకా దారి ఎలా ఉందో దానికి తెలీదు. చివరి ఐదు ముక్కలకి ఎంతసేపు పట్టిందో నేనే లెక్కేసుకుంటాను.

ఇదేమీ కొత్త సమస్య కాదు. 1997లోనే అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో సత్యనారాయణన్ బృందం ఒడిస్సీ అనే సిస్టమ్‌లో ఈ పని పంచేసింది: బ్యాండ్‌విడ్త్ లాంటివాటి మీద సిస్టమ్ కన్నేసి ఉంచుతుంది, మార్పు వస్తే యాప్‌కి చెప్తుంది, ఎంత నాణ్యతతో సరిపెట్టుకోవాలో యాప్ తేల్చుకుంటుంది. చదివాక నా కోడ్ మీద కొంచెం సిగ్గేసింది, కొంచెం ధైర్యమూ వచ్చింది.

ఇంకో తలనొప్పి ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అలా ఆండ్రాయిడ్ సరేనన్నా కొన్ని ఫోన్లు సొంత బ్యాటరీ సేవర్‌తో యాప్‌ని చంపేస్తాయి. మా దగ్గర ఒక మోడల్‌లో రాత్రి పెట్టిన పని పొద్దున యాప్ తెరిచేదాకా కదల్లేదు. దీనికి కోడ్‌లో మందు దొరకలేదు. ఆ మోడల్ వాళ్లకి సెట్టింగ్ మార్చమని ఒక స్క్రీన్ చూపిస్తున్నాం.

వాడబోయేవాళ్లకి ఒక మాట. ఆఫీసు వైఫైలో కూర్చుని టెస్ట్ చేస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఏడీబీతో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలిచ్చే టూల్) ఫోన్‌ని బలవంతంగా డోజ్‌లోకి, అంటే బ్యాటరీ కోసం పనులన్నీ వాయిదా వేసే నిద్రలోకి, నెట్టండి. యాప్‌ని అరుదుగా వాడే బకెట్‌లో పడేయండి (ఎంత తక్కువ వాడితే ఆండ్రాయిడ్ యాప్‌కి అంత తక్కువ అవకాశమిచ్చే వర్గాల్లో ఒకటి), అప్పుడు చూడండి. ఆ తర్వాత ఫోన్ పట్టుకుని లిఫ్టు ఎక్కండి.

ప్రస్తుతం మా యాప్‌లో ఒక్కో ఫొటోకి రెండు పనులు. చిన్న కాపీకి నెట్ ఉంటే చాలు, వెంటనే వెళ్తుంది. అసలు ఫొటో మీటర్ లేని కనెక్షన్ దొరికి, బ్యాటరీ బాగున్నప్పుడే కదులుతుంది. మొదట్లో ఇది లోపల్లోపలే జరిగేది, దాంతో "పంపు" బటన్‌ని జనం పదిసార్లు నొక్కేవాళ్లు. ఇప్పుడు ఫొటో కింద ఒక లైను పెట్టాం: "చిన్నది చేరింది, పెద్దది వైఫైలో వెళ్తుంది." నొక్కుళ్లు ఆగాయి. మొన్న టెస్టరు మాత్రం ఫోన్ చేసి, "పెద్దది ఇంకా వెళ్లలేదు, నేను వైఫైలోనే ఉన్నానండీ" అంది. చూస్తే అది పక్కనున్నవాళ్ల ఫోన్ హాట్‌స్పాట్. సిస్టమ్ దాన్ని మీటర్ ఉన్న కనెక్షన్‌గానే లెక్కేసింది. ఆ లైను మళ్లీ మార్చాలి.