వంటింటి సొరుగులు, ఎనిమిదేళ్ల వాడకం తర్వాత: పక్కలకు 12 ఎంఎం చాలు, చూసుకోవాల్సింది అడుగు

శ్రీకాకుళంలో మా వంటగది సొరుగులు 2017లో చేయించాం. మొత్తం ఆరు. సొరుగు గట్టిగా ఉండాలంటే ఎవరైనా ముందు పక్క చెక్కల మందమే అడుగుతారు. నేనూ అదే అడిగాను. మా ఇంట్లో పాడైంది మాత్రం అడుగు.

కింది రెండు పెద్ద సొరుగులకు పక్కలు 18 ఎంఎం ప్లైవుడ్‌తో కావాలని పట్టుబట్టాను. "అంత అక్కర్లేదమ్మా, 12 చాలు" అన్నాడు కార్పెంటర్. నేను వినలేదు. అడుక్కి 4 ఎంఎం ప్లై పెట్టి కింద నుంచి మేకులు కొట్టారు. దాని సంగతి నేను అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఒకదాంట్లో కుక్కర్లు, మా అత్తగారిచ్చిన బూడితి ఇత్తడి గిన్నెలు పెట్టాను. ఏడాది తిరక్కుండానే లాగినప్పుడల్లా కర్రుమని చప్పుడు మొదలైంది. కింద కూర్చుని టార్చి వేసి చూశాను. అడుగు మధ్యలో పొట్టలా దిగిపోయి కింది పలకకు రాసుకుంటోంది. వెనక మూలన మేకులు సగం ఊడి వేలాడుతున్నాయి. 18 ఎంఎం పక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు కిటికీలోంచి కొట్టిన జల్లుకి ఆ పలచటి ప్లై అంచు పొరలు పొరలుగా విడిపోయింది. అది మామూలు ఎంఆర్ రకం, అంటే గాలిలో తేమను మాత్రమే తట్టుకునేది, తడికి ఆగదు.

2019లో మళ్లీ చేయించాను. ఈసారి బీడబ్ల్యూఆర్ ప్లై, అంటే మరిగే నీటిని కూడా తట్టుకునే రకం. పక్కలు 12 ఎంఎం, అడుగు 6 ఎంఎం. మేకులు కొట్టకుండా, నాలుగు పక్కలా లోపలివైపు 6 ఎంఎం లోతు గాడి తీసి, ఫెవికాల్ రాసి అడుగుని అందులో దింపారు. బరువంతా ఇప్పుడు గాడి అంచు మీద పడుతుంది. మేకులైతే ఆ బరువుకి తిన్నగా కిందికి ఊడొస్తాయి. అదే కొలత సొరుక్కి 4 బదులు 6 వేస్తే ప్లై వంగకుండా నిలిచే శక్తి మూడు రెట్లు దాటుతుంది. ప్లై పై పొరలో కనిపించే చెక్క నార గీతలు సొరుగు తక్కువ కొలత వెంట సాగేలా కోయించుకోండి, వంపు ఇంకా తగ్గుతుంది. గాడి తీసే ముందు ప్లై ముక్కని కొలవమని కూడా చెప్పండి. 6 అని కొన్నది మాకు కాస్త తక్కువే వచ్చింది. గాడి వదులైతే అడుగు గలగలలాడుతుంది.

12 బదులు 18 ఎంఎం పక్కలు వేస్తే రెండు పక్కలా కలిపి లోపల 12 ఎంఎం చోటు పోతుంది. ఎలాగూ టెలిస్కోపిక్ ఛానెళ్లకే (సొరుగు జారేందుకు పక్కలకు బిగించే ఇనుప పట్టాలు) ఒక్కో పక్క 13 ఎంఎం వదలాలి. పైగా పక్కల బరువు ఒకటిన్నర రెట్లు, అదీ ఛానెలే మోయాలి. 12కి ఒక్క జాగ్రత్త చాలు: ఛానెల్‌కి అర అంగుళం స్క్రూలే వాడాలి. ముప్పావు అంగుళానివి వేస్తే మొనలు లోపలికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి.

రెండడుగుల సొరుగులు ఇప్పటికీ చప్పుడు లేకుండా నడుస్తున్నాయి. బియ్యం, పప్పుల డబ్బాలున్న మూడడుగుల దానికి మాత్రం 6 కూడా చాల్లేదు, మధ్యలో కొంచెం కుంగింది. ప్రస్తుతానికి అడుగున అడ్డంగా ఒక చెక్కపట్టీ వేయించాను. ఈసారి ప్లై తెచ్చినప్పుడు దానికి 9 ఎంఎం వేయిస్తాను.