శాంటాక్రూజ్ దీవి పడవ యాత్ర: నక్కల కోసం వెళ్లండి

ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు. కాలిఫోర్నియాలోని వెంచురా రేవులో పడవ ఎక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా శాంటాక్రూజ్ దీవిలోని స్కార్పియన్ రేవులో దింపుతారు. సాయంత్రం తిరుగు పడవ. ఒక్కరోజు యాత్రలో దీవి మీద గడిపే సమయం సరిపోదు, అందుకే ఆ అర తగ్గించాను.

టికెట్లు కొన్నప్పుడు మా అమ్మాయి "డాల్ఫిన్లు కనిపిస్తాయి నాన్నా" అని ఊరించింది. కనిపించాయి కూడా. నా ధ్యాస మాత్రం నక్కల మీదే. గుంటూరు జిల్లాలో పశువైద్యుడిగా ఉన్నన్నాళ్లూ డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకిన కుక్కపిల్లలను చూశాను. ముందు ముక్కు, కళ్లు కారతాయి, తర్వాత దవడ అదురుతుంది, ఆపైన మూర్ఛలు. అదే జబ్బు 1999 ప్రాంతంలో, శాంటాక్రూజ్ లాగే ఛానెల్ దీవుల్లో ఒకటైన కాటలీనాలో చొరబడి, 1,300 దాకా ఉన్న నక్కల్లో సుమారు వందను మాత్రమే మిగిల్చింది. ఏదో పడవలో చేరిన రాకూన్ (అమెరికాలో ఉండే చిన్న అడవి జంతువు) దాన్ని మోసుకొచ్చిందని అనుమానం.

అందుకే ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా నచ్చింది, పెంపుడు కుక్కలను రానివ్వకపోవడం. ఎంత ముద్దుచేసి పెంచుకున్నదైనా సరే, వీల్లేదు. ఈ పట్టుదల సడలకూడదు.

నక్కల కోసం వెతకనక్కర్లేదు. బల్లల దగ్గరికి అవే వస్తాయి. రెండు కిలోల బరువు, బూడిదరంగు వీపు, మెడ పక్కన ఇటుకరంగు. మనిషంటే బెదురు లేదు. గోల్డెన్ ఈగిల్స్ అనే పెద్ద గద్దల వేటకు ఈ దీవిలో ఒకప్పుడు కొన్ని పదులే మిగిలాయి. పక్కనున్న శాన్ మిగేల్, శాంటా రోజా దీవుల్లో అయితే చెరి పదిహేను. బోనుల్లో పెంచి, గద్దలను పట్టి తరలించి, ఆ గద్దలకు తిండిగా మారిన అడవి పందులను తొలగించాక కోలుకున్నాయి. 2016లో ఈ మూడు దీవుల నక్కలనూ అంతరించే ప్రమాదమున్న జాబితా నుంచి తీసేశారు.

మమ్మల్ని నడిపించిన స్వచ్ఛంద సేవకురాలు గద్దల కథ చక్కగా చెప్పింది. శాన్ నికొలస్ నక్కల సంగతి కూడా చెబితే బాగుండేది. అది నౌకాదళం దీవి, మనకు ప్రవేశం లేదు. అక్కడి నక్కల జన్యువులు దాదాపు అన్నీ ఒకే అచ్చు. అయినా 2004లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, రోగనిరోధకతకు సంబంధించిన ఎంహెచ్‌సీ జన్యువుల దగ్గర మాత్రం వైవిధ్యం బాగా మిగిలి ఉందని తేలింది. దొంగ ఫోటోను పోలీసుకు చూపించినట్టు, ఈ జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు క్రిమి తునకలను రక్షణ కణాలకు చూపిస్తాయి. తల్లి నుంచి ఒక రకం, తండ్రి నుంచి మరో రకం అందిన పిల్ల ఎక్కువ రకాల క్రిములను గుర్తించగలదు. అలాంటివే ఎక్కువగా బతికి పిల్లల్ని కంటాయి. పదికి లోపు నక్కలు మిగిలిన గడ్డుకాలాన్ని దాటి కూడా ఆ వైవిధ్యం నిలిచిందంటే, ఈ ఎంపిక ఎంత తీవ్రంగా జరిగి ఉండాలో అని పరిశోధకులు లెక్కగట్టారు. నా వృత్తి జీవితంలో ఇంత ఆశ కలిగించిన విషయం చదవలేదు.

అయినా ఆ జన్యువుల మీద భారం వేసి ఊరుకోలేం. ఎన్నడూ ఎరగని వైరస్ ఒక్కసారిగా వచ్చి పడితే అన్ని నక్కలూ తట్టుకోలేవు. అందుకే ఏటా కొన్నిటిని పట్టి డిస్టెంపర్‌కూ, రేబిస్‌కూ టీకాలు వేసి వదులుతారు. మొత్తం గుంపు ఒక్క దెబ్బకు పోకుండా అదొక కాపు.

దీవిలో దుకాణం లేదు. భోజనం వెంట తీసుకెళ్లి, అక్కడున్న ఇనుప పెట్టెల్లో పెట్టి మూయండి. సంచి జిప్పులను నక్కలు తీసేస్తాయి. మా పక్క బల్ల వాళ్లు నవ్వుకుంటూ చిప్స్ విసిరారు. నేను లేచి వెళ్లి వద్దని చెప్పాను, మీరూ చెప్పండి. బయలుదేరే ముందు బూట్లకూ సంచులకూ అంటిన మట్టి, గింజలు దులపడం మరవకండి. వీలైతే ఉదయం మొదటి పడవకే టికెట్ తీసుకోండి.