రేకుల షెడ్ల పనికి లేబర్ ఇన్సూరెన్స్: ఇన్నేళ్లు కట్టాక నా అభిప్రాయం

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైస్ మిల్లులకు, గోదాములకు ఇనుప షెడ్లు వేస్తుంటాను. మిల్లు ఓనరు మెయిన్ కాంట్రాక్టర్‌కి ఇస్తే, ఆయన ట్రస్సులు (కప్పును మోసే ఇనుప చట్రాలు), రేకుల పని నాకు ఇస్తాడు. నా ముఠాలో దేవరకొండ తండాల వాళ్లు, పాలమూరు వాళ్లు ఉంటారు, సీజన్‌లో బిహార్ పిల్లలు కూడా వస్తారు. 2017 నుంచి వీళ్లందరికీ ఏటా డబ్ల్యూసీ (వర్క్‌మెన్ కాంపెన్సేషన్, అంటే పనిలో దెబ్బ తగిలితే కూలీకి ఇవ్వాల్సిన పరిహారానికి బీమా) పాలసీ కడుతున్నాను. ముప్పై అడుగుల ఎత్తులో మనుషుల్ని నిలబెట్టి పని చేయించే ఎవరైనా ఇది లేకుండా పని మొదలుపెట్టకూడదని గట్టిగా నమ్ముతాను.

మెయిన్ కాంట్రాక్టర్‌కి పాలసీ ఉంది కదా, మళ్లీ మనకెందుకని తోటి సబ్ కాంట్రాక్టర్లు అడుగుతుంటారు. ఆయన పాలసీలో ఉండేది ఆయన మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉన్నవాళ్లే. మన మనుషుల్ని కూడా చూపించి, వాళ్ల కూలి లెక్క మీద ప్రీమియం కడితే తప్ప మనవాళ్లకు అది పనికిరాదు. 1923 నాటి పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టర్ కింది కూలీకి దెబ్బ తగిలితే పని ఇచ్చిన పై యజమానిని పరిహారం అడగొచ్చు. ఆయన కట్టిన డబ్బును మన దగ్గర రాబట్టుకోవచ్చు. అంటే చివరికి కోత పడేది పని జరిగేకొద్దీ మనకు వచ్చే రన్నింగ్ బిల్లులోనే. ఆ చట్టం 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. నేను ఇక్కడ చెప్పేదంతా పాత చట్టం కింద తీసుకున్న పాలసీల అనుభవం.

పాలసీ విలువ నాకు 2022లో బాగా తెలిసింది. ఒక హెల్పర్ బెల్టు హుక్కు ఒక చోట తీసి ఇంకో చోట తగిలించుకునేలోపు పర్లిన్ (రేకులు బిగించే అడ్డ ఇనుప పట్టీ) మీద నుంచి జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. నల్లగొండలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. 2009 సవరణ తర్వాత పనిలో తగిలిన దెబ్బకు ఆస్పత్రి ఖర్చు యజమానే భరించాలి. కానీ నాకు ఇచ్చిన మామూలు పాలసీలో ఆ ఖర్చు లేదు, అదనపు ప్రీమియం కట్టి చేర్పించుకోవాల్సి వచ్చింది. ఏజెంటు దీన్ని తనంతట తాను చెప్పలేదు. పాలసీ కాగితం చదివి నేనే ముందే అడిగి పెట్టించాను. అది లేకపోతే ఆపరేషన్ బిల్లు మొత్తం నా చేతి నుంచే పోయేది.

పిల్లవాడు మంచం మీద ఉన్నన్ని రోజులు ప్రతి పదిహేను రోజులకు నెల జీతంలో 25 శాతం ఇవ్వాలి. నేను ముందు ఇచ్చాను, కంపెనీ తర్వాత నాకు ఇచ్చింది. ఇవ్వడానికి మాత్రం చాలా సతాయించారు. కావాల్సిన కాగితాలన్నీ ఒకేసారి చెప్పరు. ఒకటి ఇచ్చాక ఇంకొకటి అడుగుతారు. ఆ పిల్లవాడేమో తండా నుంచి ఫోన్ చేసి "అన్నా, పైసలు పడ్డయా?" అని అడిగేవాడు. నేను దగ్గర పెట్టుకుని ఇచ్చాను కాబట్టి సరిపోయింది, చేతిలో డబ్బు లేని మేస్త్రీ అయితే ఏం చెప్తాడు? రోజువారీ హాజరు పుస్తకం, బ్యాంకు ద్వారా వేసిన కూలి, ఆస్పత్రిలో రాయించిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు నమోదు), అదే రోజు కంపెనీకి పంపిన మెయిల్, ఈ నాలుగింటి వల్లే క్లెయిమ్ నిలబడింది.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. సైట్లో ప్రాణం పోతే మన దగ్గర పెద్దమనుషులు కూర్చుని ఇంతకు తెంపుతారు, డబ్బు కుటుంబం చేతికి వెళ్తుంది. చట్టం దాన్ని పరిహారం కింద లెక్కపెట్టదు. మరణ పరిహారం కార్మిక శాఖ కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాల్సిందే. నేరుగా ఇచ్చిన దాంట్లో మూడు నెలల జీతం దాకా అడ్వాన్సు మాత్రమే లెక్కలోకి వస్తుంది. మనం ఆలస్యం చేసి జరిమానా పడితే నా పాలసీలో ఆ జరిమానా రాదు.

నాకు నచ్చనిది జీతం పరిమితి. పాత చట్టం కింద 2020 జనవరి నుంచి, జీతం ఎంత ఉన్నా పరిహారానికి నెలకు 15,000 మాత్రమే లెక్కలోకి తీసుకునేవారు. ముప్పై ఏళ్ల మనిషి చనిపోతే అందులో సగం 7,500ను, ఆ వయసుకు చట్టం పెట్టిన 207.98 అనే సంఖ్యతో గుణించేవారు, 15,59,850 రూపాయలు వచ్చేది. అంతకుముందు పరిమితి 8,000 ఉన్నప్పుడు ఇదే మనిషికి 8,31,920 వచ్చేది. పెరిగింది నిజమే, కానీ మంచి వెల్డర్ నిండా పని దొరికిన నెలలో 15,000 కంటే చాలా ఎక్కువ సంపాదిస్తాడు. అతని ఇంటికి జరిగే నష్టం అంతకు మించే ఉంటుంది.

పాలసీలో పని చోటు ఒక ఊరి పేరుతో రాయించకండి. నేను తెలంగాణలో ఎక్కడైనా అని రాయించాను. ఈరోజు మిర్యాలగూడలో ఉంటే వచ్చే నెల మిడ్జిల్‌లో ఉంటాం. ఈదురుగాలికి రేకులు లేచిపోతే వచ్చే నష్టం వేరే, దానికి కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ ఉంటుంది. దాన్ని ఓనరుతోనే తీయించి, సబ్ కాంట్రాక్టర్‌గా మన పేరు అందులో చేర్పించుకుంటే చాలు.

డబ్ల్యూసీలో మనం రాము. మనం యజమానులం కదా, పైకెక్కి మనం పడితే రూపాయి రాదు. అందుకని నాకు, నాతో పొత్తులో ఉన్న మా బావమరిదికి విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకున్నాను, పని చేయలేని వారాలకు కూడా డబ్బు వచ్చేది. ముఠాలోని పిల్లలందరికీ ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా పెట్టించాను. పండక్కి బైకు మీద ఇంటికి పోతూ పడి ప్రాణం పోయినా 2 లక్షలు వస్తాయి, డబ్ల్యూసీ అక్కడికి రాదు. అది జూన్ 1 నుంచి మే 31 వరకు ఉంటుంది. ఖాతా ఖాళీగా ఉంటే రెన్యువల్ ఆగిపోతుంది కాబట్టి, మే నెలలో కూలి వేసేటప్పుడు ఖాతాలో కొంచెం డబ్బు వదలమని ప్రతి ఒక్కరికీ చెప్తాను.